న్యూపోర్ట్, 1839 నవంబరు 4: 31 మంది సైనికులు వేలమందిని ఎలా చెదరగొట్టారు?

పాతచిత్తు

పోటీ పరీక్షల గైడ్లలో చార్టిస్టు ఉద్యమానికి, అంటే ఓటుహక్కు కోసం బ్రిటన్ కార్మికులు నడిపిన ఉద్యమానికి, రెండు పేరాలు దక్కితే ఎక్కువ. ఆరు డిమాండ్లు, మూడు వినతిపత్రాలు, విఫలం. అక్కడితో సరి. 1839 నవంబరు 4న వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఓటుహక్కు అడిగినవాళ్లమీద సైన్యం కాల్పులు జరిపి కనీసం 22 మందిని చంపిన సంగతి ఆ పేరాల్లో కనపడదు. కొందరు దీన్ని పీటర్లూతో కలిపేస్తున్నారు కూడా. పీటర్లూ అంటే సంస్కరణలు అడిగిన సభమీద గుర్రపుదళం విరుచుకుపడ్డ ఘటన, 1819లో, మూడో జార్జి కాలంలో, మాంచెస్టర్‌లో జరిగింది. ఇది విక్టోరియా గద్దెనెక్కిన రెండేళ్లకు.

ఈ చర్చలో మూడు విషయాలు తేలాలని నా కోరిక. న్యూపోర్ట్‌లోని వెస్ట్‌గేట్ హోటల్ గదిలో ఉన్నది ఒక లెఫ్టినెంట్, ఇద్దరు సార్జెంట్లు, 28 మంది సైనికులు. బయట వేలమంది. అయినా అరగంటలోపే ఎలా ముగిసింది? రెండు, అది తిరుగుబాటా, ఖైదీలను విడిపించుకోవడానికి వచ్చిన ఊరేగింపా? మూడు, మరణశిక్ష పడ్డ నాయకులు ఉరికంబం ఎందుకు ఎక్కలేదు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

కొలిమిసెగ

ముందు నేపథ్యం కొంచెం. 1832 సంస్కరణ చట్టంతో పట్టణాల్లో ఏడాదికి 10 పౌండ్ల విలువైన ఇల్లో దుకాణమో ఉన్న మగవాళ్లకు ఓటొచ్చింది. గనిలో, కొలిమిలో పనిచేసేవాడికి రాలేదు. 1838లో ప్రజా చార్టర్ వచ్చింది. 21 ఏళ్లు నిండిన ప్రతి మగవాడికీ ఓటు, రహస్య బ్యాలెట్, పార్లమెంటు సభ్యుడికి ఆస్తి అర్హత రద్దు, సభ్యుడికి జీతం, సమాన నియోజకవర్గాలు, ఏటా పార్లమెంటు ఎన్నికలు. ఆడవాళ్ల ఓటు అందులో లేదు, ఆ లోటు లోటే.

దాదాపు 12 లక్షల 80 వేల సంతకాలతో వినతిపత్రం పెట్టారు. దాన్ని పరిశీలించాలా వద్దా అన్నదానిమీదే 1839 జులై 12న కామన్స్ సభలో ఓటింగ్. అనుకూలం 46, వ్యతిరేకం 235. డిమాండ్లను ఒప్పుకోకపోవడం వేరు. అసలు చదివి చూడటానికే ఒప్పుకోలేదు. అక్కడినుంచి ‘కాగితంతో పని కాదు’ అన్న మాట బలపడింది.

మన్మత్‌షైర్ లోయల సంగతి ఇంకో మెట్టు పైన. నాంటిగ్లో, బ్లైనా, ఎబ్బు వేల్, ట్రెడెగర్. అన్నీ ఇనుప కర్మాగారాల చుట్టూ పుట్టిన ఊళ్లు. కూలిలో కొంత కంపెనీ దుకాణం సరుకుగానే చేతికొచ్చేది. అక్కడ ధర కంపెనీదే, తూకం కంపెనీదే. నాంటిగ్లో యజమానులు తమ కార్మికులకు భయపడి ముందే రాతి గుండ్రటి బురుజులు కట్టుకున్నారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. యజమానికీ కూలివాడికీ నడుమ ఎంత నమ్మకం ఉండేదో ఆ గోడల మందం చూస్తే అర్థమవుతుంది.

దీనికి తోడు ఈ ప్రాంతానికి ఇష్టుడైన చార్టిస్టు వక్త హెన్రీ విన్సెంట్‌కి ఆగస్టులో 12 నెలల శిక్ష వేసి మన్మత్ జైల్లో పెట్టారు. లోయల్లో రగిలిన కోపానికి అదొక ముఖ్య కారణం.

గోదారిగట్టు

నాయకుల గురించి కూడా రాయండి కొలిమిసెగ గారూ. జాన్ ఫ్రాస్ట్ గని కార్మికుడు కాదు కదా?

కొలిమిసెగ

కాదండి. న్యూపోర్ట్‌లో బట్టల వ్యాపారి. ఆ ఊరికే మేయర్‌గా చేశాడు, మేజిస్ట్రేటు కూడా. చార్టిస్టు సభల్లో మాట్లాడుతున్నాడని హోంమంత్రి లార్డ్ జాన్ రసెల్ 1839లో మేజిస్ట్రేటు పదవి పీకేశాడు. అప్పటికి ఫ్రాస్ట్ వయసు 55.

ఇంకో ముడి ఉంది. 1823లో థామస్ ప్రొథెరో అనే ప్లీడరుమీద రాసిన రాతలకు పరువునష్టం కేసులో ఫ్రాస్ట్ ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. ఆ ప్రొథెరోకి వృత్తిలో భాగస్వామి థామస్ ఫిలిప్స్. 1839 నవంబరులో న్యూపోర్ట్ మేయర్ ఈ ఫిలిప్సే. అంటే హోటల్ లోపల మేయర్‌గా ఉన్నవాడూ, బయట జనాన్ని నడిపించినవాడూ ఊరి రాజకీయాల్లో పాత ప్రత్యర్థులు. ఇది తెలియకపోతే ఆ ఉదయం సగమే అర్థమవుతుంది.

మిగతా ఇద్దరు నాయకుల్లో జెఫనయా విలియమ్స్ నాంటిగ్లో దగ్గర మద్యం దుకాణం నడిపేవాడు, మతాన్ని ప్రశ్నించే మనిషి. విలియం జోన్స్ పాంటిపూల్‌లో గడియారాలు బాగుచేసేవాడు, అంతకుముందు నాటకాల్లో వేషాలు కట్టేవాడు.

పటంపెట్టె

మొదటి ప్రశ్నకు జవాబు గడియారంలో ఉంది. అందరూ తుపాకుల దగ్గర మొదలుపెడతారు. నేను టైము దగ్గర మొదలుపెడతాను.

నవంబరు 3, ఆదివారం సాయంత్రం మూడు దారుల్లో మూడు దండులు బయల్దేరాలి. బ్లాక్‌వుడ్ నుంచి ఫ్రాస్ట్, ఎబ్బు వేల్, నాంటిగ్లో వైపునుంచి విలియమ్స్, పాంటిపూల్ నుంచి జోన్స్. రిస్కా, కెఫ్న్ ప్రాంతంలో కలుసుకుని అర్ధరాత్రి దాటాక, సుమారు 2 గంటలకు న్యూపోర్ట్‌లో దిగాలి. చీకట్లో, ఊరు నిద్రలో ఉండగా.

జరిగింది వేరు. ఆ రాత్రంతా కుండపోత. కొండదారుల్లో బురద. బ్లాక్‌వుడ్ నుంచి న్యూపోర్ట్‌కు సుమారు 20 కిలోమీటర్లు, నాంటిగ్లో నుంచి 30. విలియమ్స్ దండు తడిసి ముద్దయి ఆలస్యంగా వచ్చింది. ఫ్రాస్ట్ వాళ్లకోసం, జోన్స్ కోసం ఎదురుచూస్తూ గంటలు పోగొట్టుకున్నాడు. జోన్స్ దండు అసలు అందనే లేదు. అది న్యూపోర్ట్‌కు ఉత్తరాన మాల్పాస్ దాకా వచ్చేసరికి ఇక్కడ అంతా అయిపోయింది. చివరికి జనం వెస్ట్‌గేట్ హోటల్ ముందుకు చేరింది ఉదయం 9 దాటాక.

ఏడు గంటల ఆలస్యం. ఆ ఏడు గంటల్లో ఏం మారిందో చూడండి. 45వ పదాతిదళానికి చెందిన కంపెనీ స్టో హిల్ మీదున్న వర్క్‌హౌస్‌లో బస చేసింది. వర్క్‌హౌస్ అంటే దిక్కులేని పేదలను పెట్టి పని చేయించే ఆశ్రమం. రాత్రి 2 గంటలకు వెస్ట్‌గేట్‌లో సైన్యం లేదు! మేయరు, స్పెషల్ కానిస్టేబుళ్లు (అత్యవసరానికి పోలీసులుగా పెట్టుకున్న ఊరివాళ్లు), రాత్రి పట్టుకున్న కొద్దిమంది చార్టిస్టు ఖైదీలు, అంతే. మేయరు అడిగిన మీదట లెఫ్టినెంట్ బేసిల్ గ్రే 30 మందిని వెంటబెట్టుకుని హోటల్‌కు దిగింది ఉదయం 8 ప్రాంతంలో. అంటే జనం రావడానికి గంట ముందు. రాత్రే వచ్చి ఉంటే హోటల్ వాళ్ల చేతికి దక్కేది. మంచో చెడో కథ వేరేలా ఉండేది.

గోదారిగట్టు

వాళ్ల దగ్గర ఆయుధాలేమిటి? వేలమంది అంటున్నారు, ఎన్ని వేలు?

పటంపెట్టె

హోటల్ దగ్గరికి చేరింది 3 నుంచి 5 వేలని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. కొండలనుంచి బయల్దేరినవాళ్లు ఇంకా చాలా ఎక్కువ. దారిలో జారుకున్నవాళ్లూ ఉన్నారు, ఇళ్లలోంచి బలవంతంగా లాక్కొచ్చినవాళ్లూ ఉన్నారు. ఇది దాచాల్సిన పని లేదు.

ఆయుధాలంటే ఎక్కువగా బల్లేలు, బొగ్గుగని పికాసులు, ఎండుగడ్డి ఎత్తే పంగకర్రలు, దుడ్డుకర్రలు. కొంతమంది దగ్గరే తుపాకులు. లాంగినిడర్ కొండల్లో ఒక గుహ ఉంది. బల్లేలు తయారుచేసి దాచింది అక్కడేనని చెబుతారు, పేరే చార్టిస్టు గుహ.

తుపాకి ఉన్నవాడికీ ఆ రాత్రి తుపాకి లేనట్టే. మందు గొట్టం మూతిలోంచి పోయాలి, గుండు దూర్చి కడ్డీతో దట్టించాలి, పక్కన పళ్లెంలో చిటికెడు మందు వేయాలి, చెకుముకి రాయి నిప్పురవ్వ దానిమీద పడాలి. పన్నెండు గంటలు వానలో నడిచాక ఆ పళ్లెంలోని మందు ముద్దయి ఉంటుంది, కోటుజేబులో పొట్లం కట్టుకున్న మందూ అంతే. లోపలివాళ్ల మందు పొడిగా ఉంది.

నడవ

ఇక గది. ఇదే ముఖ్యమని నా అభిప్రాయం, అందుకే నిదానంగా రాస్తాను.

సైనికులను పెట్టింది హోటల్ ముందు భాగంలో, నేల అంతస్తులో, వీధివైపు గదిలో. దాని కిటికీ గోడవరసకు సమంగా ఉండదు. వీధిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. మామూలు కిటికీలోంచి తుపాకి పెడితే ఎదురుగా ఉన్నవాడే కనపడతాడు. పొడుచుకొచ్చిన కిటికీ పక్కలనుంచి చూస్తే హోటల్ గుమ్మం ముందు గుమిగూడినవాళ్లు కూడా అడ్డంగా గురిలోకి వస్తారు. కింది భాగంలో చెక్క రెక్కలు మూసి ఉన్నాయి. కాబట్టి వీధిలో ఉన్నవాళ్లకు లోపల ఎర్రకోటువాళ్లు కనపడరు. తుపాకులు అప్పటికి నింపలేదు కూడా.

జనం స్టో హిల్ దిగి వచ్చి, హోటల్ ముందు వరసకట్టారు. గుమ్మం దగ్గర స్పెషల్ కానిస్టేబుళ్లు. ‘మా ఖైదీలను వదలండి’ అని అడిగారని, కుదరదన్నారని సాక్ష్యాలు. తోపులాట, ఒక తుపాకి పేలింది. ఎవరిది ముందు అన్నదానిమీద సాక్షులు ఒకేమాట చెప్పలేదు. కానిస్టేబుళ్లు చెల్లాచెదురయ్యారు. జనం గుమ్మంలోంచి నడవలోకి తోసుకొచ్చారు.

అప్పుడు గ్రే తుపాకులు నింపమన్నాడు. కిటికీ రెక్కలు తెరవాలి. అది మేయరు ఫిలిప్స్, గ్రే స్వయంగా తెరిచారు. తెరుస్తుండగానే వీధిలోంచి వచ్చిన గుళ్లు ఫిలిప్స్‌కి తగిలాయి. ఒక సార్జెంటుకు కూడా గాయమైంది. మొదటి కాల్పులు వీధిలోని గుంపు మీద. ఆ దూరంలో గురి పెట్టాల్సిన అవసరం కూడా లేదు. వీధి జనం పరుగందుకున్నారు. తర్వాత సైనికులు గది తలుపువైపు తిరిగి నడవలో ఉన్నవాళ్లమీద కాల్చారు.

లెక్క వేసుకోండి. తర్ఫీదు ఉన్న సైనికుడు నిమిషానికి రెండుమూడు సార్లు కాల్చగలడు. 28 మంది అంటే నిమిషానికి 50 దాటి గుళ్లు. ఎదుట బల్లెం పట్టుకున్నవాడు ఇరుకు నడవలో, తుపాకిమందు పొగలో, పడిపోయినవాళ్లమీదుగా గుమ్మం దాటాలి. వెనకున్న వేలమంది ఆ చోట అక్కరకు రారు. ఎంతమంది వచ్చినా గుమ్మంలో ఇద్దరుముగ్గురే పడతారు. పాతచిత్తు గారు అడిగిన ‘31 మంది వేలమందిని’ అన్న లెక్క అక్కడ ‘31 మంది ముగ్గుర్ని’ అయిపోయింది.

సైనికుల్లో ఒక్కరూ చావలేదు. పోయింది కనీసం 22 మంది అటువైపు, గాయపడ్డవాళ్లు 50 పైమాటే. ఇళ్లకు పాక్కుంటూ పోయి చచ్చిపోయినవాళ్లు అన్ని లెక్కల్లోకీ రాలేదు. పదిమందిని సెయింట్ వూలోస్ చర్చి ఆవరణలో రాత్రిపూట, పేరు రాయని గోతుల్లో పూడ్చేశారు.

పాతచిత్తు

నడవ గారూ, ఈ 45వ దళం గురించి ఒక మాట. ఇది మొదటి బర్మా యుద్ధంలో పోరాడిన దళం. ఆ యుద్ధంలో మద్రాసు సైన్యం పెద్ద భాగం, అందులో తెలుగు సిపాయిలు బోలెడంతమంది. ఇదే దళం 1838 మేలో కెంట్‌లోని బాసెండెన్ వుడ్‌లో వ్యవసాయ కూలీల గుంపుమీద కూడా కాల్చింది. ఏడాదిన్నరలో సొంత దేశపు పేదలమీద రెండుసార్లు.

ఎదురుప్రశ్న

రెండో ప్రశ్న దగ్గర నాకు ఒక అభ్యంతరం. ‘ఊరేగింపుమీద కాల్పులు’ అని రాసేయడం సులువే. బల్లేలతో, పదేసిమంది జట్లుగా, నాయకుడి మాటమీద రాత్రంతా నడిచినవాళ్లను ఊరేగింపు అనగలమా? దారిలో ట్రెడెగర్ పార్కు దగ్గర తూనిక యంత్రం వద్ద ఇద్దరు కుర్రాళ్లను ఆపి సైనికులు ఎక్కడున్నారని అడిగారు. కొందరు వెస్ట్‌గేట్‌కు వెళ్లారని కుర్రాళ్లు చెప్పారు. ఇది కోర్టులో వచ్చిన సాక్ష్యం. తెలిసే వెళ్లారన్నమాట.

నల్లకోటు

ఎదురుప్రశ్న గారు సరిగ్గా కీలకం మీద వేలు పెట్టారు. ఫ్రాస్ట్ మీద దేశద్రోహం కేసు విచారణంతా దానిమీదే నడిచింది.

దేశద్రోహం కింద ‘రాణిమీద యుద్ధం’ అని నిరూపించాలంటే గొడవ ఎంత పెద్దదన్నది సరిపోదు. ఉద్దేశం దేశవ్యాప్తమైనదని, ప్రభుత్వాన్ని బలవంతంగా మార్చాలన్నదని చూపాలి. ఫలానా ఖైదీలను విడిపించడానికి వస్తే అది అల్లరి, నేరం, కానీ దేశద్రోహం కాదు. ఫ్రాస్ట్ తరఫు వకీళ్లు ఫ్రెడరిక్ పొలక్, ఫిట్జ్‌రాయ్ కెల్లీ వాదించింది అదే. బలప్రదర్శన చేసి విన్సెంట్‌ను జైల్లో మెరుగ్గా చూసుకునేలా చేయాలన్నదే ఆశయమని, సైనికులున్నారని తెలిస్తే నేరుగా కిటికీ ముందుకు వచ్చి నిలబడరని.

ప్రాసిక్యూషన్ చెప్పిన కథ: న్యూపోర్ట్ పట్టుకుని తపాలా బండి ఆపుతారు, బర్మింగ్‌హామ్‌కి టపా గంటన్నర దాటినా రాకపోతే అదే సంకేతం, ఉత్తరాదిలో తిరుగుబాటు మొదలవుతుంది. పొలక్ దీన్ని చాలా సూటిగా కొట్టాడు. న్యూపోర్ట్ టపా నేరుగా బర్మింగ్‌హామ్ పోదు. సెవర్న్ నది దాటి బ్రిస్టల్ చేరుతుంది. అక్కడినుంచి బర్మింగ్‌హామ్‌కి వేరే బండి. న్యూపోర్ట్‌లో బండి ఆపినా ఆ రెండో బండి తన టైముకు తాను బయల్దేరిపోతుంది. సంకేతం ఎలా అందుతుంది?

ప్రధాన న్యాయమూర్తి నికోలస్ టిండాల్ జ్యూరీకి చేసిన ముగింపు బోధ కూడా నిర్దోషిత్వం వైపే మొగ్గింది. అయినా 1840 జనవరి 8న జ్యూరీ దోషి అంది, దయ చూపమని సిఫారసు చేస్తూ. జనవరి 16న శిక్ష: ఉరి వేసి, తల నరికి, శరీరాన్ని నాలుగు ముక్కలు చేయాలి. విక్టోరియా కాలంలో!

టిండాల్ గురించి ఒక పాత సంగతి. 1831 బ్రిస్టల్ అల్లర్ల తర్వాత 1832లో గ్రాండ్ జ్యూరీకి (కేసు విచారణకు నిలుస్తుందో లేదో ముందు తేల్చే జ్యూరీ) ఆయనే చెప్పాడు: అల్లరిని ఆపడం ప్రతి పౌరుడి విధి, సైనికుడూ ముందు పౌరుడే అని. రయట్ యాక్ట్, అంటే అల్లర్ల చట్టం, గురించి చాలామందికి ఉన్న అపోహకు జవాబు అందులో ఉంది. ఆ చట్టం ప్రకారం 12 మంది లేదా ఎక్కువమంది గుమిగూడితే ప్రకటన చదవాలి, గంటలోపు వెళ్లకపోతే పెద్ద నేరం. అంతేగానీ ప్రకటన చదవందే కాల్చకూడదని కాదు. హింస జరుగుతుంటే మామూలు చట్టం కిందే బలప్రయోగం చేయవచ్చు. సైనికులమీద కేసు ఎందుకు లేదని అడిగేవాళ్లు దీన్ని గమనించాలి. చట్టం అలా ఉంది, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు.

గోదారిగట్టు

బ్రిటన్‌లో ఆ రకం శిక్ష పడింది అదే ఆఖరుసారి అని ఎక్కడో చదివాను. నిజమేనా?

నల్లకోటు

ఇంగ్లండు, వేల్స్ వరకే చెప్పుకుంటే అనవచ్చు. అప్పటి బ్రిటిష్ రాజ్యంలో ఐర్లండు కూడా ఉంది కదండీ. 1867లో డబ్లిన్‌లో ఫీనియన్ (ఐర్లండు స్వాతంత్ర్యం కోరిన విప్లవ సంఘం) నాయకులకు మళ్లీ అదే శిక్ష వేశారు, తర్వాత తగ్గించారు.

ఇప్పుడు మూడో ప్రశ్న, ఉరి ఎలా ఆగింది. ఇది వకీళ్లు కాని వాళ్లూ చదవాల్సింది. ఆన్ రాణి కాలం చట్టం ప్రకారం దేశద్రోహ ముద్దాయికి అభియోగపత్రం, జ్యూరీ జాబితా, సాక్షుల జాబితా మూడూ విచారణకు పది రోజుల ముందు, ఒకేసారి ఇవ్వాలి. ప్రాసిక్యూషన్ మొదటి రెండూ డిసెంబరు 12న ఇచ్చింది, సాక్షుల జాబితా 17న. విచారణ 31న. పది రోజుల గడువు ఎటు చూసినా ఉంది. కానీ ‘ఒకేసారి’ కాదు. మొదటి సాక్షిని పిలవగానే పొలక్ లేచి అభ్యంతరం చెప్పాడు.

15 మంది న్యాయమూర్తులు కూర్చున్నారు. జాబితా ఇచ్చిన తీరు చట్టప్రకారం చెల్లదని 9 మంది, చెల్లుతుందని 6 గురు. ఇక్కడిదాకా ఫ్రాస్ట్ గెలిచాడు. రెండో ప్రశ్న, అభ్యంతరం సకాలంలో లేవనెత్తారా? లేదని 9 మంది, అవునని 6 గురు. నేరం ఒప్పుకుంటావా అని ముద్దాయిని అడిగేముందే చెప్పాల్సిందట. అలా శిక్ష నిలబడింది. మంత్రివర్గం ఉరి వైపే మొగ్గింది. టిండాల్ స్వయంగా పూనుకుని తగ్గించమని చెప్పాక, దేశమంతా సంతకాల పిటిషన్లు వస్తుండగా, ఫిబ్రవరి 1న దాన్ని యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చారు.

ఎదురుప్రశ్న

బర్మింగ్‌హామ్ టపా సంగతి నాకు తెలియదు, మంచి పాయింటు. అయినా జట్లు, నాయకులు, బల్లేలు అన్నవి ఉత్త బలప్రదర్శనకు ఎక్కువే అనిపిస్తుంది.

నడవ

రెండూ నిజం కావచ్చు. కొండల్లోంచి వచ్చిన యువకులు చాలామంది నిజంగానే తిరుగుబాటు అనుకున్నారు. ఫ్రాస్ట్ మాత్రం వాళ్లను ఆపలేక, పూర్తిగా నడపలేక మధ్యలో చిక్కుకున్నట్టు కనపడతాడు. కాల్పులు మొదలవగానే అతను అక్కడినుంచి వెళ్లిపోయాడు, ఆ సాయంత్రమే ఊళ్లో దొరికాడు. ఒక ప్రణాళిక ఉందనడంకంటే ఒకే గుంపులో మూడునాలుగు ప్రణాళికలు నడిచాయనడం సరిగ్గా ఉంటుంది.

పటంపెట్టె

అదే ఏడాది ఉత్తర ఇంగ్లండులో సైన్యాధికారి చార్లెస్ నేపియర్. 1843లో సింధు ఆక్రమించిన నేపియరే. అక్కడ ఇంత నెత్తురు పారలేదు, కారణాలు తెలుసుకోవాల్సినవి. ఆయన చార్టర్ డిమాండ్లను చాలావరకు సమర్థించేవాడు, అది ఒకటి. రెండోది, సైనికులను ఇద్దరుముగ్గురుగా ఊళ్లో ఇళ్లలో పంచిపెట్టి ఉంచడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. చిన్న దండు కనపడితే జనానికి పడగొట్టాలనిపిస్తుంది, సైనికుడికి భయంతో కాల్చాలనిపిస్తుంది. మూడోది, చార్టిస్టు నాయకులను పిలిపించి ఫిరంగులు ఎలా పనిచేస్తాయో కళ్లకు చూపించాడు. న్యూపోర్ట్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. చిన్న దండు, దాన్ని మళ్లీ రెండుగా చీల్చి ఒక భాగాన్ని మూసిన కిటికీ వెనక దాచారు. ఎర్రకోట్లు గుమ్మం ముందే నిలబడి కనపడి ఉంటే జనం ఆగేవాళ్లో లేదో చెప్పలేం గానీ, తెలియక గురిముందుకు వచ్చేవాళ్లు కాదు.

కొలిమిసెగ

తర్వాతి సంగతులు క్లుప్తంగా. మేయరు ఫిలిప్స్‌కి డిసెంబరులోనే ‘సర్’ బిరుదు. ముగ్గురు నాయకులను మాండరిన్ అనే ఓడలో ఇప్పటి టాస్మేనియాకు పంపారు, 1840 జూన్ చివర చేరారు. విలియమ్స్ అక్కడ బొగ్గు కనిపెట్టి 1874లో అక్కడే పోయాడు, జోన్స్ కూడా 1873లో అక్కడే. ఫ్రాస్ట్‌కి 1854లో షరతులతో, 1856లో పూర్తిగా క్షమాపణ వచ్చింది. తిరిగొచ్చి బ్రిస్టల్ దగ్గర ఉండి 1877లో 93 ఏళ్ల వయసులో పోయాడు. 1840 జనవరిలో షెఫీల్డ్‌లో తిరుగుబాటు ప్రయత్నం చేసిన శామ్యూల్ హోల్బెరీ 27 ఏళ్లకే 1842లో యార్క్ జైల్లో చనిపోయాడు. 1842 ఆగస్టులో ప్రెస్టన్‌లో సమ్మె చేస్తున్నవాళ్లమీద సైన్యం కాల్చి నలుగుర్ని చంపింది.

డిమాండ్ల సంగతి: ఆస్తి అర్హత 1858లో పోయింది, రహస్య బ్యాలెట్ 1872లో, సభ్యులకు జీతం 1911లో, మగవాళ్లందరికీ ఓటు 1918లో. ఏటా ఎన్నికలొక్కటే రాలేదు.

గోదారిగట్టు

చనిపోయినవాళ్లలో ఒక 18 ఏళ్ల కుర్రాడి ఉత్తరం గురించి విన్నాను. అది నిజమైనదేనా?

నడవ

జార్జ్ షెల్. పాంటిపూల్‌లో చెక్కపని చేసేవాడు. తల్లిదండ్రులకు రాసినట్టు చెప్పే ఆ ఉత్తరం సారాంశం: ఈ రాత్రి స్వేచ్ఛ కోసం పోరులో ఉంటాను, దేవుడు బతకనిస్తే త్వరలో మిమ్మల్ని చూస్తాను, లేకపోతే నాకోసం ఏడవకండి. ఉత్తరం మీద ‘ఆదివారం రాత్రి, నవంబరు 4’ అని ఉంది. ఆదివారం నవంబరు 3. ఈ తేదీ తేడా పట్టుకుని సందేహించేవాళ్లు ఉన్నారు. రాత్రిపూట హడావిడిగా రాసే కుర్రాడు తేదీ తప్పు వేయడం వింతేమీ కాదు, కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని కొట్టిపారేయలేం. అతను చనిపోయాడన్నదాంట్లో మాత్రం సందేహం లేదు.

అక్కడికి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. ఇప్పుడున్న వెస్ట్‌గేట్ భవనం 1880లలో కట్టింది, 1839 నాటిది కాదు. పాత స్తంభాలు లోపల ఉంచారు, వాటి రంధ్రాలను తూటా గుర్తులని చూపిస్తారు, నమ్మేముందు కొంచెం ఆగండి. జాన్ ఫ్రాస్ట్ చౌరస్తా దగ్గర 1978లో కెన్నెత్ బడ్ చేసిన 35 మీటర్ల మొజాయిక్ కుడ్యచిత్రం పాత ఫొటోల్లోనే దొరుకుతుంది. ఊరివాళ్లు వద్దంటున్నా 2013 అక్టోబరులో పడగొట్టేశారు. చూడాల్సింది సెయింట్ వూలోస్. ఇప్పుడది కెథెడ్రల్. స్టో హిల్ పైన ఉంటుంది, వెస్ట్‌గేట్ నుంచి ఎక్కి వెళ్లాలి. ఆ ఉదయం జనం దిగి వచ్చిన వాలు అదే.